అరవైమూడో గడి

జోగారావు ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పడానికి నాలుగు సెకన్లు పట్టేది. పొద్దున టిఫిన్ ఏం తిన్నావని అడిగినా, నిన్న ఇంటికి ఎవరొచ్చారని అడిగినా అంతే. ఆ నాలుగు సెకన్లూ ఆయన భార్య హైమ ముఖంలోకి చూసేవాడు. హైమ చెప్పేసేది. "పెసరట్టు తిన్నారు." "మా పిన్ని వచ్చింది." ఆయన తలూపేవాడు. తర్వాత ఎప్పుడో ఆయన జ్ఞాపకం ఆయనకు అందేది. అప్పటికి దాని అవసరం తీరిపోయేది.

ఆరేళ్ల కిందట మెదడువాపు జ్వరంతో పదిహేడు రోజులు ఐసీయూలో ఉన్నాడు జోగారావు. ప్రాణం దక్కింది. జ్వరానికి ముందు సంగతులన్నీ భద్రంగానే ఉన్నాయి. విశాఖ రేవులో పైలట్‌గా ఇరవై రెండేళ్లు చేసిన ఉద్యోగం, సముద్రం మధ్యలో తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కి, ఇరుకు కాలువలోంచి లోపలికి తెచ్చిన ఓడల పేర్లు, పెళ్లిలో బావమరదులు చెప్పులు దాచిన సంగతి, ఏవీ పోలేదు. కొత్తది మాత్రం ఏదీ నిలిచేది కాదు. పది నిమిషాల కిందట మాట్లాడిన మనిషి మళ్లీ ఎదురైతే కొత్తగా నమస్కారం పెట్టేవాడు.

హైమ మధురవాడలోని ఒక పరిశోధన కేంద్రంలో స్టోరేజి విభాగానికి అధిపతి. ఆ కేంద్రం డైరెక్టరు డాక్టర్ కరుణాకర్ అప్పటికే 'స్మరణి' అనే పరికరం మీద పనిచేస్తున్నాడు. అది చింతగింజంత ముక్క. చెవి వెనక చర్మం కింద పెడతారు. మనిషి చూసిందీ విన్నదీ మెదడులోంచి పట్టుకుని కేంద్రంలోని సర్వరుకి పంపుతుంది. ఆ మనిషి ఏదైనా గుర్తు చేసుకోబోతే సర్వరు దాన్ని వెతికి వెనక్కి పంపుతుంది. అందింది పరాయిదిలా ఉండదు, సొంత జ్ఞాపకంలాగే ఉంటుంది.

జ్ఞాపకాలు దాచే చోటు కట్టింది హైమ. భర్త కోసమే కట్టింది. రెండేళ్లపాటు సెలవన్నది లేకుండా ఆ గదిలో డిస్కులు తన చేత్తో అమర్చింది. స్మరణి పెట్టించుకున్న మొదటి మనిషి జోగారావు. తర్వాత ఇంకో పదిమంది వచ్చారు. అందరికీ ఆ నాలుగు సెకన్ల ఆలస్యం ఉంది. మెదడుకి అంత సమయం పడుతుందనీ, దానికి ఎవరూ ఏమీ చేయలేరనీ డాక్టర్ కరుణాకర్ సదస్సుల్లో చెప్పేవాడు. హైమ కూడా అదే నమ్మింది.

ఆ జూన్ నెలలో బొడ్డేపల్లి సుజన అనే అమ్మాయి ఉద్యోగంలో చేరింది. వయసు ఇరవయ్యారు. పలాస దగ్గర ఊరు. చేరిన రెండో వారంలోనే ఒక మధ్యాహ్నం హైమ దగ్గరకొచ్చి, "మేడం, ఒక్క అయిదు నిమిషాలు కారిడార్లోకి వస్తారేటి?" అని అడిగింది.

కారిడార్ నేల మీద పెద్ద టైల్స్ ఉన్నాయి. సుజన పాత దినపత్రికల్ని టైలు కొలతకి మడిచి, టైలుకొకటి చొప్పున వరసగా పరిచింది.

"ఈ టైలు డిస్కులో గడి అనుకోండి మేడం. పేపరు మన సమాచారం ముక్క. ఈ పేపరు కింద తుడవాలంటే ఎన్ని టైల్స్ తుడవాలి?"

"ఒకటి."

సుజన మోకాళ్ల మీద కూర్చుని వరస మొత్తాన్ని జానెడు పక్కకి జరిపింది. ఇప్పుడు ప్రతి పేపరూ రెండు టైల్స్ మీద పడింది.

"ఇప్పుడు?"

హైమకి అర్థమైంది. "రెండు," అంది.

"పాత డిస్కుల్లో గడి చిన్నది కదా మేడం. అప్పట్లో సమాచారం పోసే భాగాన్ని, పార్టిషన్ని, అరవైమూడో గడి దగ్గర మొదలుపెట్టేవాళ్లు. మన డిస్కుల్లో అలాంటివి ఎనిమిది కలిస్తే ఒక పెద్ద గడి. అరవైమూడుని ఎనిమిది భాగించదు. అందుకని మన ముక్కలన్నీ రెండేసి గడుల మీద అడ్డంగా పడతన్నాయి. ఒక ముక్క రాయాలంటే డిస్కు రెండు గడులు చదవాలి, మార్చాలి, మళ్లీ రెండూ రాయాలి. ఒక్క జ్ఞాపకం అంటే వేల ముక్కలు. రాయడం వెనకబడిపోతే చదవడం దాని వెనకాల నిలబడాలి. మెదడుకి ఏ ఆలస్యమూ లేదు మేడం. ఆలస్యమంతా ఇక్కడే ఉంది."

"ఆ పార్టిషన్లు ఎవరు చేశారో చూశావా?"

"ఏదో పాత స్క్రిప్టు మేడం. కింద పేరు లేదు."

పేరు లేకపోయినా అది ఎవరిదో హైమకి తెలుసు. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసుకున్న చిన్న ప్రోగ్రాం అది. ఇరవై ఏళ్లుగా ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళ్లింది, ప్రతి డిస్కునీ దానితోనే విభజించింది. అందులో ఒక్క అంకె మార్చి ఉంటే సరిపోయేది. సమాచారమంతా ఒకసారి పక్కకి తీసి, పార్టిషన్ని సరైన గడి దగ్గర మొదలుపెట్టి, మళ్లీ పోస్తే చాలు.

"బాగుంది. రిపోర్టు రాసి పంపు. చూస్తాను," అంది హైమ. గొంతు మామూలుగానే వచ్చింది. సుజన సంతోషంగా పేపర్లు ఏరుకుంది. ఆ అమ్మాయి చేతులు చకచకా కదులుతుంటే చూడలేక హైమ వెనక్కి తిరిగింది. ఇన్నేళ్లలో తనకు కనిపించనిది ఈ పిల్లకి పన్నెండు రోజుల్లో కనిపించింది. అంతకన్నా బాధ ఏమిటంటే, అది చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖంలో గర్వం లేదు. ఉంటే కనీసం కోప్పడే వీలుండేది.

నాలుగు రోజుల తర్వాత హైమ ఒక మీటింగుకి వెళ్లి వచ్చేసరికి పరీక్ష గదిలో జోగారావు ఉన్నాడు. ఆయన రోజూ భార్యతోపాటే కేంద్రానికి వచ్చి లైబ్రరీలో కూర్చుంటాడు. సుజన ఒక్కరి జ్ఞాపకాలను సరిచేసిన డిస్కులోకి కాపీ చేసి చూస్తానని డాక్టర్ కరుణాకర్‌ని అడిగిందట. జోగారావు నేనొస్తానన్నాడట.

హైమ అద్దం బయట నిలబడి చూసింది.

"నిన్న మధ్యాహ్నం ఏం చేశారు సార్?" అని సుజన అడుగుతోంది.

ఆమె ప్రశ్న పూర్తి కాకముందే జోగారావు జవాబు మొదలుపెట్టాడు. "కిటికీ దగ్గర కూర్చున్నానమ్మా. దూరంగా లంగరేసి మూడు ఓడలున్నాయి. మధ్యది బొగ్గు ఓడ. బరువు తక్కువుంది, ముక్కు పైకి లేచింది. అలాంటి ఓడని గాలిలో లోపలికి తేవడం చాలా కష్టం, తెలుసా?"

"తెలీదు సార్. చెప్పండి."

ఆయన చెప్పాడు. రెండు చేతులూ గాలిలో పెట్టి ఓడ ఎలా పక్కకి కొట్టుకుపోతుందో, దాన్ని నెట్టే టగ్గు పడవలు ఎటునుంచి తోయాలో చూపించాడు. సుజన పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. ముప్పావుగంట సేపు ఆయన ఎవరి ముఖంలోకీ సాయం కోసం చూడలేదు. తలుపు వైపు కూడా చూడలేదు.

పరీక్ష అయిపోయాక ఆయనను మళ్లీ పాత డిస్కుకి మార్చారు. కారులో ఇంటికి వస్తుంటే, "ఆ అమ్మాయి పేరేటి హైమా?" అని అడిగి ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు మళ్లీ తన మీద పడేసరికి హైమకి ప్రాణం లేచివచ్చింది. అంత సంతోషం కలిగినందుకు సిగ్గు కూడా వేసింది.

"ఎవరో ట్రైనీ," అంది. పేరు చెప్పలేదు.

హైమ భయానికి ఇంకో కారణం ఉంది. అది సుజనకి తెలియదు, ఎవరికీ తెలియదు.

జోగారావుకి తిరుపతిరాజు అని ఒక స్నేహితుడు. ఇద్దరూ ఒకే ఏడు పైలట్లుగా చేరారు. జబ్బు చేశాక రాజు ప్రతి ఆదివారం వచ్చేవాడు. అతను వస్తే జోగారావుకి ఇల్లు పట్టేది కాదు. పాత ఓడలు, పాత తుపానులు, పాత కెప్టెన్లు. వాళ్లిద్దరి మాటల్లో హైమకి చోటుండేది కాదు. ఇన్నేళ్ల కాపురంలో సముద్రంతో పంచుకున్న మనిషి ఇప్పటికి తనవాడయ్యాడనుకుంటే, ఆదివారం రాగానే మళ్లీ చెయ్యి జారిపోయేవాడు. మూడేళ్ల కిందట ఒక ఆదివారం ఆమె రాజుని గుమ్మంలోనే ఆపేసింది. "ఆయన ఎవర్నీ కలవనంటున్నారన్నయ్యా. మిమ్మల్ని చూస్తే బాధపడుతున్నారు." లోపలికొచ్చి భర్తతో, "రాజుగారికి ఇప్పుడు తీరిక లేదట," అంది. తర్వాత పద్నాలుగుసార్లు వచ్చాడు రాజు. పద్నాలుగుసార్లూ ఆమె అదే చెప్పింది. చివరికి రావడం మానేశాడు.

ఆ మాటల్లో చాలావాటిని జోగారావు లోపలి గదిలోంచి విని ఉంటాడు. విన్నవన్నీ డిస్కులో ఉన్నాయి. రాజు ఏడీ అని అడిగినప్పుడల్లా, అవి వెతికి బయటికి వచ్చేలోపు హైమ జవాబు చెప్పేసేది, ఆయన గుర్తు చేసుకోబోవడం అక్కడితో ఆగిపోయేది. ఆ నాలుగు సెకన్లే ఆమెను కాపాడుతూ వచ్చాయి.

సుజన రిపోర్టు వచ్చింది. హైమ దాని మీద "మరిన్ని పరీక్షలు అవసరం" అని రాసి పక్కన పెట్టింది. వారం తర్వాత సుజన అడిగింది. "చూస్తున్నాను." ఇంకో వారానికి మళ్లీ అడిగింది. "కాపీ చేసేటప్పుడు ఏదైనా పోతే ఎవరు బాధ్యులు? తొందరపడకు." మూడోసారి సుజన అడగలేదు. తలుపు దాకా వచ్చి వెళ్లిపోయింది. హైమ అది చూసింది. ఆ అమ్మాయి భుజాలు కిందికి జారడం చూసి, లోలోపల ఎక్కడో కాస్త చల్లగా అనిపించింది కూడా.

అలా నలభై రోజులు గడిచాయి.

నలభై ఒకటో రోజు ఉదయం కోదండం మాస్టారిని ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వచ్చింది. ఆయన స్మరణి పెట్టించుకున్న పదకొండు మందిలో ఒకరు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గాజువాకలో కూతురి దగ్గర ఉంటున్నారు. చక్కెర జబ్బు ఉంది. టిఫినుకి ముందు ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకున్నారు. కాసేపయ్యాక చేతిలో సిరంజి చూసి, వేసుకున్నానా లేదా అని ఆలోచించారు. జవాబు వచ్చేలోపు మళ్లీ వేసుకున్నారు. అరగంటలో ఒళ్లంతా చెమటపట్టి పడిపోయారు.

హైమ వెళ్లేసరికి మాస్టారికి స్పృహ వచ్చింది. చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. పెదవి పగిలి కుట్లు పడ్డాయి.

"గుర్తొచ్చింది తల్లీ," అన్నారాయన సన్నగా. "వేసుకున్నట్టు గుర్తొచ్చింది. సూది లోపల ఉండగా వచ్చింది."

పక్కన నిలబడ్డ ఆయన కూతురు వరలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నాదే తప్పు మేడం. బట్టలు ఆరేద్దామని మేడ మీదికెళ్లాను. రెండు నిమిషాలే. మీరింత చేసి ఈయన్ని మనిషిని చేస్తే నేను కనిపెట్టి ఉండలేకపోయాను."

"మీ తప్పు కాదు," అంది హైమ.

"మీరలాగే అంటారు మేడం, మీ మనసు మంచిది. కానీ తప్పు నాదే. ఇంకెప్పుడూ మేడెక్కను."

ఆ మాట హైమ వినలేకపోయింది. మంచం చివర ఇనుపకమ్మీ పట్టుకుని చెప్పేసింది. ఆలస్యం లేకుండా చేసే దారి దొరికి నలభై రోజులైందని, ఒక అమ్మాయి రాసి ఇచ్చిందని, తను తొక్కిపెట్టానని. వరలక్ష్మికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు దించి హైమని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎందుకు?"

హైమ ఇనుపకమ్మీ మీంచి చెయ్యి తీసేసింది.

"బయటికి నడవండి," అంది వరలక్ష్మి.

ఆ మధ్యాహ్నమే హైమ డాక్టర్ కరుణాకర్‌కి అన్ని తేదీలూ వేసి రాసిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. "ఇంకా పరీక్షలు నడుస్తున్నాయనే అనుకున్నాను. మీరు రాయకపోతే తొక్కిపెట్టారని నాకు తెలిసేది కాదు," అన్నాడు. "రాశారు కాబట్టి వదిలేయలేను." విచారణ జరిగింది. హైమను విభాగాధిపతి పదవి నుంచి తప్పించారు. ఉద్యోగం మాత్రం ఉంచారు. స్టోరేజి పనంతా సుజన చేతికి వచ్చింది. కేంద్రం ప్రచురించబోయే పత్రం మీద మొదటి పేరు బొడ్డేపల్లి సుజన అని చూసినప్పుడు హైమ ఆ కాగితాన్ని బోర్లా తిప్పేసింది. తప్పు ఒప్పుకుంటే ఆ అసూయ మంట చల్లారుతుందనుకుంది. చల్లారలేదు.

పార్టిషన్లు సరిచేయడానికి ఒక ఆదివారం పెట్టుకున్నారు. ఉదయం ఎనిమిదింటికి మొదలుపెడితే సాయంత్రం అయిదుకి పూర్తవుతుంది. ఆ తొమ్మిది గంటలూ పదకొండు మందికీ స్మరణి పనిచేయదు. ఏదీ రాసుకోదు, ఏదీ అందించదు. అందరినీ కేంద్రానికే తీసుకొచ్చి, ఒక్కొక్కరి దగ్గర ఇంటివాళ్లను కూర్చోబెట్టారు. మాస్టారూ వచ్చారు. వరలక్ష్మి హైమ పక్క నుంచే తల తిప్పుకుని వెళ్లింది.

"కాపీ నేను చూసుకుంటాను మేడం," అంది సుజన. "మీరు సార్ దగ్గరుండండి." తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఆ స్క్రిప్టు మీదేనని నాకు ముందే తెలుసు మేడం. పేరు లేదుగానీ, మీరు రాసే తీరు అదే. మీకు ఇబ్బందిగా ఉంటాదని చెప్పలేదు," అంది.

హైమ తలూపి జోగారావు ఉన్న గదిలోకి వెళ్లిపోయింది.

ఎనిమిదీ పదికి జోగారావు గోడగడియారం వైపు చూశాడు. ఆయనకు అది ఆరేళ్ల కిందటి రోజు.

"ఏటి హైమా, ఇక్కడ కూర్చున్నాం? రాజు రాలేదేటి ఇంకా? తొమ్మిదికి ఓడుంది."

హైమ ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టొచ్చు. ఇన్నాళ్లూ చేసింది అదే. ఈరోజు చెప్పింది ఏదీ ఎక్కడా రాసుకోబడదు. పది నిమిషాలు ఆగితే ఏమీ మిగలదు. ఆ ధైర్యంతోనే ఆమె నోరు విప్పింది.

"రాజుగారు రారు. నేనే రావద్దన్నాను."

అలా మొదలుపెట్టి, జబ్బు గురించీ, తను పడ్డ కష్టం గురించీ, రాజు వెళ్లాక ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినకపోవడం గురించీ చాలాసేపు చెప్పింది. జోగారావు విన్నాడు. "ఎందుకు చేశావలాగ?" అన్నాడు.

"ఆయనతో ఉంటే మీరు నన్ను మర్చిపోతారని."

జోగారావు గట్టిగా నవ్వాడు. "మర్చిపోడమా! నేనా? ఏ ఓడ ఏ తారీకున వచ్చిందో అడుగు, చెప్తాను."

పది నిమిషాలకు మళ్లీ గడియారం వైపు చూశాడు. రాజు రాలేదేటి అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "నా స్నేహితుణ్ణి నా గుమ్మంలోంచి పంపేయడానికి నువ్వెవరు?" అన్నాడు వెనక్కి తిరగకుండానే. పెళ్లయ్యాక ఆ గొంతుతో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. కాసేపటికి తిరిగి చూసి, ఏమీ జరగనట్టు నవ్వాడు. ఆ కోపం కన్నా ఆ నవ్వు భరించడం కష్టమైంది హైమకి.

మూడోసారి ఆయన, "ఎన్నిసార్లొచ్చాడు?" అని మాత్రమే అడిగాడు. పద్నాలుగని విని తల దించుకున్నాడు. నాలుగోసారి ఏడ్చాడు. అయిదోసారి ఆమె చెయ్యి పట్టుకుని, "పోన్లే, భయపడ్డావు," అన్నాడు. ఆ మాట ఎక్కడా మిగలదని తెలిసి హైమ ఆయన చేతిని చాలాసేపు వదల్లేదు. ఆరోసారి ఎదురుగా ఉన్న గోడని చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోంచేసి చాలాసేపు నిద్రపోయి లేచాక ఆయన మళ్లీ అడిగాడు. ఏడోసారికి ఆమె మాటల్లో సాకులన్నీ రాలిపోయాయి. జబ్బూ కష్టమూ అన్నం సంగతీ ఏవీ రాలేదు. "రాజుగారిని నేను రానివ్వలేదు. మీరు నా ఒక్కదాని వైపే చూడాలనుకున్నాను." అంతే.

జోగారావు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఏదో అనబోయాడు. తలుపు తోసుకుని సుజన లోపలికి వచ్చింది. అయిదు కావస్తోంది.

"అయిపోయింది సార్. కలుపుతున్నాను." ఆమె చేతిలోని ట్యాబ్ మీద ఏదో నొక్కింది. "ఇవాళ పొద్దున్న టిఫిన్ ఏటి సార్?"

"ఉప్మా. హైమ ఇంగువ ఎక్కువేసింది," అన్నాడు జోగారావు. వెంటనే అన్నాడు. హైమ వైపు చూడనేలేదు.

పక్క గదిలోంచి కోదండం మాస్టారు పదిహేడో ఎక్కం గడగడా అప్పజెప్పడం, వరలక్ష్మి పెద్దగా నవ్వడం వినిపించాయి.

కారులో హైమ ఎనిమిదోసారి చెప్పాలనుకుంది. ఇప్పుడు చెప్పింది నిలుస్తుంది. ఎండాడ దాటాక కారు పక్కకి ఆపింది. "మీకో సంగతి చెప్పాలి. రాజుగారిని..."

"తెలుసు," అన్నాడు జోగారావు. "లిఫ్టులో దిగుతున్నప్పుడు రాజు ఏడీ అనుకున్నాను. అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. గుమ్మంలో నువ్వన్న మాటలు, లోపలికొచ్చి నాతో అన్న మాటలు. పద్నాలుగుసార్లు. విన్న ప్రతిసారీ నాకు తెలిసింది హైమా. తెలిసిందని గుర్తుండేది కాదు, అంతే."

"నన్ను ఏమైనా అనండి."

"ఇప్పుడేమంటాను? అంటే అది కూడా గుర్తుంటాది."

నాలుగు రోజులు ఆయన అవసరానికి మించి మాట్లాడలేదు. అయిదో రోజు ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "రాజుకి నువ్వే చెప్పు," అన్నాడు. హైమ చెప్పింది. "ఆదివారం వస్తాను చెల్లెమ్మా," అని పెట్టేశాడు రాజు.

వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. స్నేహితులిద్దరూ గుమ్మంలోనే ఒకరి భుజాలొకరు పట్టుకుని నిలబడిపోయారు. హైమ టీ తెచ్చింది. రాజు, "వద్దు చెల్లెమ్మా, మంచినీళ్లు చాలు," అన్నాడు మర్యాదగా. ఒకప్పుడు ఆ ఇంట్లో రెండు కప్పులు తాగితేగానీ లేచేవాడు కాదు. కప్పు వెనక్కి తీసుకెళ్లింది హైమ. వంటగదిలో ఆమెకు వాళ్ల నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. వింటుంటే గుండెలో అదే పాత మెలిక పడింది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. పోగొట్టుకోలేకపోయింది.

సాయంత్రం రాజు వెళ్లాక జోగారావు ఆమె దగ్గరికి వచ్చాడు. "కొత్తగా చేరిన పైలట్లకి పాఠాలు చెప్పాలట. రాజు అడిగాడు. సోమవారం పొద్దున్న పైలట్ బోటు ఎక్కుతున్నాను."

"నేనూ రానా? పక్కన కూర్చుంటాను."

"వద్దు హైమా. ఒక్కణ్ణే వెళ్తాను. వచ్చాక చెప్తాను." రెండడుగులు వేసి ఆగాడు. "చెప్పాలనిపించింది చెప్తాను."

సోమవారం పదిన్నరకి హైమ కేంద్రంలో తన కుర్చీలో ఉంది. ఎదురుగా తెర మీద పదకొండు గీతలు. ఒక్కో మనిషి జ్ఞాపకాలు డిస్కుకి చేరే వేగం ఆ గీతల్లో తెలుస్తుంది. మామూలు రోజుల్లో అవి అంగుళం ఎత్తుకి మించి లేవవు. పదీ నలభైకి జోగారావు గీత పైకి లేచింది. అలా లేవడం ఇన్నాళ్లలో ఎన్నడూ లేదు. ఇరుకు కాలువ దాటి బోటు బయటి సముద్రంలోకి వెళ్లి ఉంటుంది. ఆయన దేన్నో చూస్తున్నాడు. కళ్లు చాలనంతగా చూస్తున్నాడు.

స్టోరేజి తాళం ఉన్నవాళ్లు తలచుకుంటే ఆ గీత మీద నొక్కి లోపలున్నది తెరవొచ్చు. పరీక్షల కోసం పెట్టిన సౌకర్యం అది. పదవి పోయినా, తాళం ఉన్నవాళ్ల జాబితాలో హైమ పేరు ఇంకా ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. ఆయన చూస్తున్న నీళ్లు, రాజు చెబుతున్న మాట, వాళ్ల మాటల్లో తన ఊసుందో లేదో, అన్నీ తెలుస్తాయి. వేలు ఆ గీత దాకా వెళ్లింది.

హైమ లేచి సుజన బల్ల దగ్గరికి వెళ్లింది.

"తాళం జాబితాలోంచి నా పేరు తీసెయ్యి సుజనా."

సుజన తలెత్తింది. "అన్నిటికీనా మేడం, సార్‌ది ఒక్కటేనా?"

"అన్నిటికీ."

"సాయంత్రం చేస్తాను మేడం. ఈ పని ముగించేసి."

"ఇప్పుడే చెయ్యి. నేను ఇక్కడే నిలబడతాను."

సుజన ఆమె ముఖంలోకి చూసి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. అరనిమిషం పట్టింది. "తీసేశాను," అంది.

హైమ తన కుర్చీకి తిరిగొచ్చింది. తెర మీద జోగారావు గీత ఇంకా పైనే ఉంది. ఆమె ఈసారి దాని మీద నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. గీత మాత్రం అలాగే కదులుతూ ఉంది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. సాయంత్రం ఇంట్లో ఆయన చెబితే తెలుస్తుంది. చెప్పకపోతే లేదు.